చెరసాల విడిచిన చేతులకు పని

చదువవలసిన భాగములు: ఫిలేమోనునకు వ్రాసిన పత్రిక అంతయు, ఎఫెసీయులకు 4:28, అపొస్తలుల కార్యములు 9:26-28, 18:1-3, లూకా 19:1-10.



గోదావరి సీమలో పుట్టిన మనకు నీటి సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. ధవళేశ్వరము ఆనకట్ట 1847లో మొదలై 1852లో ముగిసినది. నదికి అడ్డుకట్ట కట్టుటతోనే కాటను దొరగారి పని తీరలేదు. కాలువలు త్రవ్వవలసి వచ్చెను. లాకులు, తూములు పెట్టవలసి వచ్చెను. అయినను తూమునుండి చేనివరకు బోదె త్రవ్వుకొనుట రైతు పనియే. తూము ఎత్తిన దినమున బోదె సిద్ధముగా లేనియెడల నీరు గట్టు తెంచుకొని పల్లమునకు పోవును. అప్పుడు నీటిని తిట్టి ప్రయోజనమేమి?

జైలు తలుపు తెరచుట తూము ఎత్తుటవంటిది. అది ప్రభుత్వము చేయును. బయటికి వచ్చినవాడు ఎక్కడ తల దాచుకొనవలెను, ఎవరియొద్ద పని చేయవలెను, ఎవరితో కూర్చుండి అన్నము తినవలెను అను బోదెను మాత్రము ఊరివారు త్రవ్వవలెను. ఈ నెల పాఠములో ఆ బోదెనుగూర్చి వాక్యము మనకేమి నేర్పుచున్నదో చూతము.

ఊరికి తిరిగి వచ్చినవాడు

ఇట్లు ఊహించుకొందము. ఏడేండ్లు శిక్ష అనుభవించినవాడొకడు సాయంకాలపు బస్సు దిగినాడు. చేతిలో ఒక గుడ్డసంచి. జైలులో వడ్రంగము నేర్చినాడు. టీకొట్టు దగ్గర అతనిని చూడగానే మాటలు ఆగిపోయినవి. చిన్నప్పుడు భుజముమీద ఎక్కించుకొని త్రిప్పిన బాబాయి ముఖము ప్రక్కకు త్రిప్పుకొన్నాడు. ఆదివారము మందిరములో అతడు చాపమీద కూర్చుండగా ప్రక్కవాడు మెల్లగా జరిగి కూర్చుండెను. పొమ్మన్నవారు లేరు, రమ్మన్నవారును లేరు. తలుపు చేయించుకొనవలసినవాడు పొరుగూరి వడ్రంగిని పిలిపించుకొన్నాడు. ఇట్లు మూడు వారములు గడచినవి. నాలుగవ వారమున పాత స్నేహితుడొకడు చీకటి పడిన తరువాత వచ్చి, “పని ఉందిరా, వస్తావా?” అని అడిగినాడు.

ప్రియులారా, వానికి పని ఇచ్చెదనని మొదట వచ్చినవాడు ఆ పాత స్నేహితుడే యైనయెడల, తరువాత జరుగబోవు నేరములో మనకు పాలు లేదని చెప్పగలమా?

పూచీపడిన ఖైదీ

ఫిలేమోను పత్రిక చాల చిన్నది, ఒకే అధ్యాయము. ఒనేసిము అను దాసుడు తన యజమానియైన ఫిలేమోనును విడిచి వెళ్లినాడు. అతడు దొంగిలెనని పౌలు తేటగా వ్రాయలేదు. ఏదైన నష్టము చేసియున్నను, ఏదైన అచ్చియున్నను అన్నట్లు మాత్రము వ్రాసెను. ఇక్కడ ఒక సంగతి గమనింపుడి. ఈ పత్రికలో సంకెళ్లలో నున్నవాడు ఒనేసిము కాడు, పౌలు. ఆస్తి లేనివాడు, తన విడుదలనుగూర్చియే నిశ్చయముగా తెలియనివాడు, మరియొకని అప్పునకు తన స్వహస్తముతో వ్రాసి పూచీపడుచున్నాడు.

పౌలు మూడు పనులు చేసెను. మొదటిది, అప్పును దాచలేదు. జరిగినది మరచిపొమ్మని ఫిలేమోనుకు చెప్పక, ఆ లెక్క తనమీద వేయుమనెను. నష్టపడినవాని నష్టము నిజమైనదని ఒప్పుకొనెను. రెండవది, ఒనేసిమునకు పనికివచ్చువాడను పేరు తిరిగి ఇచ్చెను. ఒనేసిము అను మాటకు ప్రయోజనకరుడని అర్థము. ఒకప్పుడు నిష్ప్రయోజకుడైనవాడు ఇప్పుడు నీకును నాకును ప్రయోజనకరుడని 11వ వచనములో సాక్ష్యమిచ్చెను. మూడవది, అతనిని ఒంటరిగా పంపలేదు. కొలొస్సయులకు 4:7-9 చదివినయెడల తుకికు అతనితో కూడ వచ్చినట్లు తెలియును. చేతిలో ఉత్తరము, ప్రక్కన తోడు, వెనుక పూచీ. ఈ మూడును ఉన్నందున ఒనేసిము ఆ గుమ్మము ఎక్కగలిగెను.

దాసుని యజమానియొద్దకు పంపుటనుబట్టి దాస్యము దేవుని చిత్తమని పూర్వము కొందరు వాదించిరి. అది అన్యాయపు వాదము. ఇకమీదట దాసునిగా కాక ప్రియ సహోదరునిగా చేర్చుకొనుమని పౌలు అడుగుచున్నాడు గదా!

మూడు మెట్లు

ఎఫెసీయులకు 4:28లో దొంగిలువానికి అపొస్తలుడు మూడు మెట్లు చూపుచున్నాడు. దొంగతనము మానవలెను, తన చేతులతో మంచి పని చేయవలెను, అక్కరగలవానికి ఇయ్యగలిగినవాడు కావలెను. మనము తరచుగా మొదటి మెట్టుమీదనే నిలిచి బోధింతుము. “మానుకో, మానుకో” అందుము. కాని చేతికి పని లేనివాడు ఎన్నాళ్లు మానుకొని యుండును? మొదటి మెట్టు నిలుచుటకు రెండవది కావలెను. మూడవదియు ముఖ్యమే. తప్పు చేసినవాడు ఎల్లప్పుడును మన దయపై బ్రదుకువాడుగా ఉండవలెనని దేవుడు కోరుటలేదు. అతడు ఒకనాటికి కానుక సంచిలో వేయువాడుగాను, మరియొకని ఆకలి తీర్చువాడుగాను కావలెను.

పౌలునకును చేతిపని యుండెను. కొరింథులో అతడు అకుల, ప్రిస్కిల్లల ఇంట చేరుటకు కారణము వారిది ఒకే వృత్తి యగుటయే. వారు డేరాలు కుట్టువారు. ఆ దంపతులు కూడ క్లౌదియ చక్రవర్తి ఆజ్ఞవలన రోమా విడిచి క్రొత్తగా వచ్చినవారే. ఇల్లు కదిలినవారే మరియొకనికి ఇంట చోటును పనిలో పాలును ఇచ్చిరి. కాబట్టి ఈ సేవ ధనవంతుల సంఘములకే చెల్లునని అనుకొనకుడి.

మన పొరుగున నున్న చెరసాల

రాజమహేంద్రవరపు జైలు 1870నుండి సెంట్రల్ జైలుగా నున్నది. ఆ ఊరిలో స్త్రీలకు ప్రత్యేకముగా జైలు కలదు. శిక్ష పడినవారికి నేత, వడ్రంగము, కుట్టుపని, ఇనుప సామాను చేయుట, వ్యవసాయము మొదలగు పనులు మన రాష్ట్రపు సెంట్రల్ జైళ్లలో నేర్పుదురు. జైళ్ల శాఖవారు కొన్ని చోట్ల పెట్రోలు బంకులు పెట్టి ఖైదీలను పనిలో ఉంచుచున్నారు. అనంతపురము దగ్గర నమ్మదగినవారని తేలిన ఖైదీలు ఎత్తైన గోడలు లేని చోట సాగు చేయు జైలు 1965లో ఏర్పడినది.

న్యాయస్థానములును ఈ మార్గమునే చూపినవి. 1977లో మన ఆంధ్రప్రదేశునుండి సుప్రీంకోర్టుకు వెళ్లిన ఒక మోసపు కేసులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యరుగారు, శిక్షయొక్క గురి పగ తీర్చుకొనుట కాదు, మనిషిని బాగుచేయుట అని తీర్పునిచ్చిరి. ఆ ఖైదీకి మనస్సును మొద్దుబార్చని పని ఇయ్యవలెననిరి. 1998లో అదే కోర్టు, ఖైదీల కష్టమునకు న్యాయమైన కూలి ఇయ్యవలెననియు, అందులో కొంత భాగము నేరమువలన నష్టపడినవారికి చేరునట్లు ఏర్పాటు చేయవలెననియు చెప్పెను. 27 ఏండ్లు చెరలో నుండిన నెల్సన్ మండేలా పేరుతో 2015లో ఐక్యరాజ్యసమితి అంగీకరించిన నియమములు కూడ, ఖైదీ విడుదలైన దినముతో సమాజపు బాధ్యత తీరిపోదని తెలుపుచున్నవి.

అయినను రెండు కొరతలు కనబడుచున్నవి. 2022 చివరను దేశములోని జైళ్లలో నున్నవారిలో ప్రతి నలుగురిలో ఇంచుమించు ముగ్గురు విచారణ ఖైదీలు. అనగా నేరము ఇంకను రుజువు కానివారు. పని, శిక్షణ ముఖ్యముగా శిక్ష పడినవారికి ఏర్పడినవి. కనుక నెలలు, ఏండ్లు లోపలనుండి, తుదకు నిర్దోషియని విడుదలైనవాడు కూడ ఏ పనియు నేర్వకయే, ఉన్న పని పోగొట్టుకొని రావచ్చును. ఇది మొదటి కొరత. రెండవది, పని నేర్చినవానికి పని దొరకుననుకొనుట. ఉలి పట్టుట జైలులో నేర్పగలరు. అతనిని ఇంటిలోనికి పిలిచి తలుపు చేయించుకొనుట ఊరివారే చేయవలెను.

మన పెద్దల చరిత్రనుండి రెండు పాఠములు

చేతిపని నేర్పుట మన సీమ సంఘములకు క్రొత్త కాదు. నరసాపురము ప్రాంతమున 19వ శతాబ్దములో మిషనరీలు బీద క్రైస్తవ స్త్రీలకు లేసు అల్లుట నేర్పిరి. ఆ అల్లిక సముద్రములు దాటి పోయెను. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడ వచ్చెను. అయితే మరియా మీస్ అను జర్మను పండితురాలు ఈ స్త్రీలను గూర్చి పరిశోధించి 1982లో ప్రకటించిన గ్రంథములో, ఇంట కూర్చుండి అల్లిన వారికి దొరకినది స్వల్పపు కూలి, లాభము వర్తకులది అని చూపెను. కాబట్టి పని నేర్పుట ఒకటి. దానికి న్యాయమైన కూలి దొరకునట్లు చూచుట మరియొకటి. జైలునుండి వచ్చినవాడు గదా, సగము కూలికి వచ్చునని పిలుచువాడు ఉపకారి కాడు.

రెండవ పాఠము ఇంకను బాధకరమైనది. రక్షణ సైన్యమువారు 1883లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్ను నగరములో, జైలు గుమ్మము దాటి వచ్చినవారికి ఒక ఇల్లు తెరచిరి. అది మంచి పని; వచ్చినవారు స్వేచ్ఛతో వచ్చిరి. ఆ సంస్థకే 1913 ప్రాంతమున మద్రాసు ప్రభుత్వము బాపట్లకు సమీపమున స్టూవర్టుపురము అను సెటిల్‌మెంటును అప్పగించెను. అక్కడ ఉంచబడినవారు ఎక్కువగా ఎరుకలవారు. 1871నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టము, 1911లో మద్రాసు రాజధానికి వర్తింపజేయబడి, కొన్ని కులములవారిని పుట్టుకనుబట్టియే నేరస్థులుగా ఎంచెను. సెటిల్‌మెంటులో భూమి ఇచ్చిరి, బడి పెట్టిరి. చీరాల పొగాకు కంపెనీలో పని చూపిరి. కాని హాజరు పట్టీ యుండెను; అనుమతి చీటీ లేక ఊరు దాటకూడదు. పని యుండెను గాని స్వేచ్ఛ లేదు. బోధ యుండెను గాని నమ్మకము లేదు. ఏ నేరమును చేయని పసిబిడ్డకు కూడ ఆ ముద్ర తప్పలేదు. ఆ చట్టము 1952లో దేశమంతట రద్దయినను, ఆ ఊరి పేరు చెప్పగానే దొంగలని నవ్వుకొను అలవాటు చాలకాలము పోలేదు.

1970లలో ఆ ఊరికి వెళ్లి, అక్కడివారితో కలిసి కూర్చుండి, నేరమార్గము విడిచి గౌరవముగా బ్రదుకుటకు తోడ్పడినవారు లవణముగారు, హేమలతా లవణముగారు. లవణముగారు నాస్తికోద్యమ నాయకుడైన గోరాగారి కుమారుడు. హేమలతగారు మహాకవి జాషువాగారి కుమార్తె. వారు మన విశ్వాసమువారు కారు. గాయపడినవానిని చూచి యాజకుడును లేవీయుడును ప్రక్కగా పోయిన త్రోవలో సమరయుడు ఆగెనని ప్రభువు చెప్పిన ఉపమానము ఎరిగిన మనము, ఇందునుబట్టి సిగ్గుపడి నేర్చుకొనవలెను.

పెద్దలు అడుగు ప్రశ్నలు

“అయ్యగారూ, మీరు చెప్పింది బాగానే ఉందండి. ఇంట్లో ఆడపిల్లలున్నారు, ధాన్యం గాదెలో ఉంది. ఏదైనా జరిగితే ఎవరిదండి పూచీ?” అని సంఘపెద్ద అడిగినయెడల ఆయనను కఠినుడని అనకూడదు. యెరూషలేములోని శిష్యులును సౌలును చూచి భయపడిరి. ఇంటింట జొరబడి తమవారిని చెరసాలలో వేయించినవానికి భయపడుట వింత కాదు. బర్నబా ఆ భయమును ఎగతాళి చేయలేదు; సౌలును చేరదీసి, వెంటబెట్టుకొని వెళ్లి, జరిగినదంతయు వివరించెను. భయము వాదముతో పోదు. నమ్మదగిన ఒకడు ముందు నిలిచినప్పుడు తగ్గును.

జాగ్రత్తయు ప్రేమలో భాగమే. సొమ్ము విషయములో పడిపోయినవానికి వెంటనే సంఘపు పెట్టె అప్పగించుట అతనిని శోధనలో పడవేయుటయే. పిల్లలకు హాని చేసినవానికి సండేస్కూలు పని ఎన్నడును ఇయ్యకూడదు. ఇల్లాలిని కొట్టి జైలుకు వెళ్లినవానిని ఆమె ఇష్టము అడుగకయే ఆ ఇంటికి పంపకూడదు. వానికి తగిన పని, తగిన చోటు వేరుగా చూడవచ్చును.

నష్టపడినవారి సంగతి ఏమని మరియొకరు అడుగుదురు. ఇది న్యాయమైన ప్రశ్న. జక్కయ్య అన్యాయముగా తీసికొనినది నాలుగంతలు తిరిగి ఇచ్చెదననెను. ప్రాణము పోయినచోట తిరిగి ఇచ్చుటకు ఏమియు లేదు. అట్టి ఇంటికి సంఘము మొదట వెళ్లవలెను. వారి కన్నీరు తుడువక, నేరము చేసినవానికి మాత్రము స్వాగతము చెప్పినయెడల అది ప్రేమ కాదు, పక్షపాతము. వెంటనే క్షమింపుమని వారిని తొందరపెట్టకూడదు.

సంఘము చేయదగిన పనులు

1. విడుదలకు ముందే మొదలుపెట్టవలెను. జైలు అధికారుల అనుమతి తీసికొని కలిసికొనవలెను, ఉత్తరము వ్రాయవలెను. ఇంటిదగ్గరనున్న భార్యాబిడ్డలకు బియ్యము, పిల్లలకు బడి తప్పకుండ చూడవలెను. విచారణ ఖైదీకి వకీలు లేనియెడల జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెలియజేయవలెను. నిర్బంధములో నున్నవారు 1987నాటి చట్టము ప్రకారము ఉచితముగా వకీలును పొందుటకు అర్హులు.

2. విడుదల దినమున ఇద్దరు వెళ్లి గుమ్మమువద్ద ఎదురుచూడవలెను. విడుదలైన స్త్రీని పుట్టింటివారును అత్తింటివారును చేర్చుకొననియెడల, పనికంటె ముందు ఆమెకు తల దాచుకొను చోటు కావలెను. ఇది స్త్రీల సమాజము పూనుకొనవలసిన పని.

3. కాగితములు సరిచేయించవలెను. ఆధార్ కార్డు, రేషన్ కార్డు, బ్యాంకు ఖాతా లేనివానికి కూలి చేతికందుట కూడ కష్టమే.

4. మొదటి పని చిన్నదైనను వెంటనే ఇయ్యవలెను. అందరికి ఇచ్చు కూలియే ఇయ్యవలెను; మొదటి వారములలో ఏనాటి కూలి ఆనాడే ఇచ్చుట మేలు. వరిచేలు, కొబ్బరితోటలు, కడియపు నర్సరీలు, భీమవరపు చేపల చెరువులు, తాపీపని, మోటారు సైకిళ్ల మరమ్మతు: మన సీమలో పనికి కొదువ లేదు, పిలుచు నోటికే కొదువ.

5. పని నేర్చినవానికి పనిముట్లు కొని ఇయ్యవలెను. వడ్రంగికి బాడిస, ఉలి, రంపము, కుట్టుపనివానికి మిషను. పని నేర్వనివానిని బ్యాంకులవారు జిల్లాలలో నడుపు గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలకు పంపవచ్చును. అక్కడ రుసుము లేదు. శిక్షణ దినములలో వసతి, భోజనము పెట్టుదురు.

6. ఇద్దరు పెద్దలు పూచీగా నిలువవలెను. వారమునకొకసారి అతనితో కూర్చుండి మాటలాడవలెను. త్రాగుడు, పాత స్నేహము, అప్పు, ఈ మూడింటిని గూర్చి దాపరికము లేకుండ అడుగవలెను. ఒకసారి జారినయెడల విడిచిపెట్టకూడదు. జారిన సంగతి దాచకూడదు.

7. మతము అడుగకూడదు. ఖైదీగా నున్న నన్ను చూడవచ్చితిరని ప్రభువు చెప్పబోవు దినమున, ఆ ఖైదీ ఏ సంఘమువాడని అడుగునట్లు మత్తయి 25వ అధ్యాయములో లేదు. బాప్తిస్మము పనికి బయానా కాదు; పనియు బాప్తిస్మమునకు ఎర కాదు.

ఆలోచించుటకు ప్రశ్నలు

మన ఊరినుండి ఇప్పుడు జైలులో నున్నవారెవరు? వారి ఇంటికి మనము కడపటిసారి ఎప్పుడు వెళ్లితిమి?

తిరిగి వచ్చినవానిని మనము ఏ పేరుతో పిలుచుచున్నాము? తలిదండ్రులు పెట్టిన పేరుతోనా, నేరము పెట్టిన పేరుతోనా?

మన సంఘస్థులలో ఒక దినపు పని ఇయ్యగలవారెందరు? ఈ ఆదివారము ఆరాధన తరువాత వారి పేర్లు వ్రాసికొనగలమా?

ప్రియులారా, మనమందరమును మరియొకడు మన అప్పును తన లెక్కలో వేసికొనినందున బ్రదికినవారము. ఆ సంగతి ప్రతి ప్రభురాత్రి భోజనమునందు జ్ఞాపకము చేసికొనుచున్నాము. ఈ నెల ఆ బల్లయొద్దకు వచ్చునప్పుడు ప్రక్కవాడు ఎవరో చూచుకొని జరిగి కూర్చుండకుందము. జరిగినయెడల, ఇంకొకనికి చోటిచ్చుటకే జరుగుదము.

ప్రార్థనాంశములు: జైళ్లలో నున్నవారికొరకు, వారిని కాయువారికొరకు, నేరమువలన నష్టపడిన కుటుంబములకొరకు, విడుదలై ఈ నెల ఇంటిత్రోవ పట్టిన ప్రతివానికొరకు, మరియు వారికి మొదటి దినపు పని ఇచ్చు ధైర్యము మనకు కలుగునట్లు.